నర్సంపేట యాత్ర - మా అయిదు సంచులు

యాత్రావిశేషములు వ్రాయువారు సాధారణముగా గుడిగోపురములను, కొండలను, వాగులను వర్ణింతురు. బయలుదేరునప్పుడు చేతనున్న సొమ్మెంత, అది యే దారిని పోయినది, ఇల్లు చేరునప్పటికి మిగిలినదెంత అను సంగతులు మాత్రము చెప్పరు. అట్టి మాటలు వ్రాయుట చిన్నతనమని తలంతురు కాబోలు. కాని యిల్లు నడుపు స్త్రీకి ఆ లెక్కయే యాత్రలో సగము. ఏ యూరు పోవలెనన్నను మొట్టమొదట పోపులపెట్టె వైపు చూచునది మనమే గదా! అందుచేత 2024వ సంవత్సరపు సంక్రాంతి సెలవులలో మేము చేసిన నర్సంపేట యాత్రను, దాని జమాఖర్చులతోకూడ మీకు విన్నవింప దలచితిమి. అందులో మేము చేసిన పొరపాట్లును దాచలేదు.

నర్సంపేట వరంగల్లు జిల్లాలోని పట్టణము. హనుమకొండనుండి సుమారు నలుబది కిలోమీటర్ల దూరము. బస్సు వరంగల్లు విడిచిన తరువాత దారికి రెండు వైపుల వరి, మొక్కజొన్న, ప్రత్తి, మిరప చేలు కనిపించును. మిరపపంట చేతికివచ్చు దినములలో కల్లములలో ఎఱ్ఱని తివాసీ పరచినట్లుండును. ఆ ఘాటునకు ముక్కుపుటములు మండును. ఊరిలో వ్యవసాయపు మార్కెట్టు గలదు. చుట్టుపట్ల పల్లెలవారు తమ పంటను అమ్ముకొనుటకు, బట్టలు, బెల్లము, ఇనుప సామానులు కొనుటకు ఇచ్చటికే వత్తురు. ఇది మా అత్తగారి పుట్టినూరు. ఆమె తమ్ముడు ఇప్పటికిని ఆ పాత యింటనే కాపురమున్నాడు.

ఈ యాత్రకు కారణము ఒక మొక్కు. అది చెప్పినగాని మా లెక్క మీకు బోధపడదు.

2014వ సంవత్సరమున వానకాలములో మా కుమారునికి విషజ్వరము తగిలినది. అప్పుడు వానికి మూడేండ్లు నిండి కొన్ని మాసములైనది. మా కూతురు అప్పటికి గర్భముననే యున్నది. పదిదినములు ఆసుపత్రిలో గడపితిమి. ఆ దినములలో మా అత్తగారు మేడారపు సమ్మక్క తల్లికి మ్రొక్కుకొని, పిల్లవాడు లేచి తిరిగినచో వాని నిలువెత్తు బంగారము సమర్పించెదనని అనుకొన్నది. ఇతర ప్రాంతముల సోదరీమణులు భయపడవలదు. మేడారమున బంగారమనగా బెల్లమే. మ్రొక్కుకొన్నవారి బరువునకు సమానముగా బెల్లము తూచి తల్లి గద్దెకడ సమర్పింతురు. నాడు మా పిల్లవాని బరువు పండ్రెండు కిలోలు. మా అత్తగారు తాను దాచుకొన్న సొమ్ములోనుండి నాలుగు అయిదువందల నోట్లు తీసి, పసుపుగుడ్డలో ముడుపు కట్టి, తన ట్రంకుపెట్టె అడుగున భద్రపరచినది. బెల్లమునకు, దారిఖర్చునకు, తల్లికి పెట్టు సారెకు ఆ రెండువేలు చాలునని ఆమె యంచనా.

పిల్లవాడు కోలుకొన్నాడు. కాని యాత్ర సాగలేదు. పసిబిడ్డ పుట్టుట, మావారి బదిలీ, ఇల్లు మారుట, ఒకటి తరువాత ఒకటి అడ్డములే. ఇంతలో 2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయిరూపాయల నోట్లు ఇక చెల్లవని ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 30వ తేదీ వరకు బ్యాంకులలో కట్టుకొనుటకు గడువిచ్చిరి. ఇంటిలోని నోట్లన్నియు కట్టితిమి. ముడుపు సంగతి మాకు తెలియదు. ఆ ముడుపు దేవతసొమ్మని, దానిని లోకపు సొమ్ముతో కలుపరాదని మా అత్తగారు తలచి నోరెత్తలేదు. 2017లో ఉగాదికి ఇల్లు కడుగుచు పెట్టె దించినప్పుడు ఆ పసుపుముడి బయటపడినది. అప్పటికి గడువు దాటి మూడు మాసములైనది.

ఆమె ఏడ్వలేదు. ఆ నోట్లను చాలసేపు ఒడిలో పెట్టుకొని కూర్చుండి, "పైసలు చెల్లకుంట పోతయని ఎరుక గాని, మొక్కు చెల్లకుంట పోతదా బిడ్డా?" అని మాత్రము అడిగినది. దానికి మాయొద్ద సమాధానము లేకపోయినది. ఆ వారములోనే ఆమెను తపాలాఫీసునకు తీసికొనిపోయి ఆమె పేరనే పొదుపుఖాతా తెరిపించితిమి. పండుగలకు కొడుకు, కూతుళ్లు చేతిలో పెట్టిన సొమ్మును అప్పటినుండి ఆమె ట్రంకుపెట్టెలో కాక అందులో వేసికొనసాగినది. మా చేతనైన ఊరట అంతియే.

ఆమెకు ఈ సంగతి క్రొత్త కాదు. నోటు చెల్లకపోవుటను ఆమె పుట్టిన గడ్డ ఇంతకు పూర్వమే చూచినది. నిజాము రాజ్యములో హాలీసిక్కా యను ప్రత్యేకమైన రూపాయ చెల్లుచుండెడిది. దానిమీద చార్మినారు బొమ్మ యుండును. బెజవాడ, చెన్నపట్టణములలో చెల్లు ఇంగ్లీషు రూపాయను ఇచ్చటివారు కల్దారు అనెడివారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 1889లో వరంగల్లు మీదుగా బెజవాడకు రైలుమార్గము పడిన తరువాత రాకపోకలు పెరిగినవి గాని, సరిహద్దు దాటిన ప్రతి యాత్రికునికి నాణెము మార్చుకొనుట, కరోడుగిరివారికి మూటలు విప్పి చూపుట తప్పెడిది కాదు. 1950లో భారత రూపాయ ఇచ్చట ప్రవేశించినది. హాలీసిక్కా 1959లో పూర్తిగా చెల్లకుండ పోయినది. అంతకుముందు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడ త్రోవలో నే ప్రాంతమున నే నాణెము చెల్లునో గుర్తుంచుకొని తమ గ్రంథమున వ్రాసిరి. కావున చేతిసొమ్మును గూర్చిన చింత యాత్రికులకు నిన్న నేడు పుట్టినది కాదు.

ఇక మా అంచనాకు వత్తము. మొత్తము పండ్రెండు వేల రూపాయలకు మించరాదని మేమును మావారును నిశ్చయించుకొంటిమి. ఆ సొమ్మును అయిదు సంచులుగా విభజించితిమి. ప్రయాణమునకు మూడువేలు; మొక్కునకు మూడువేలు; చుట్టముల మర్యాదకు మూడువేలు; పిల్లల చేతిఖర్చునకు, చిల్లరకు ఒక వేయి; అయిదవది ముట్టరాని సంచి, అందులో రెండువేలు. ఈ అయిదవ సంచి తిరుగు ప్రయాణమునకు, జ్వరమువంటి అవాంతరమునకు ఉద్దేశించినది. పెళ్లికి పోయినను, తీర్థమునకు పోయినను ఈ సంచి లేక గడప దాటరాదని మా యభిప్రాయము.

నగదెంత, ఫోనులో నెంత అను విషయమున ఇంట వాదము పుట్టినది. "ఈ దినములలో కూరగాయల గంపమీద కూడ స్కానరు ఉన్నది, నోట్ల కట్ట మోయుట ఎందులకు?" అని మావారు. "పైసలు చేతుల ఉంటెనే మనయి" అని మా అత్తగారు. ముడుపు పోగొట్టుకొన్నది ఆమెయే యైనను, కాగితముమీది నమ్మకము ఆమెకే మిగిలియుండుట మాకు వింతగా తోచినది. తుదకు సగము సగము చేసితిమి. ప్రయాణపు సంచి, పిల్లల సంచి, ముట్టరాని సంచి ఈ మూడును, అనగా ఆరువేలు, నగదు. మొక్కు, మర్యాద, తక్కిన ఆరువేలు, మావారి ఖాతాలో నుంచితిమి. ఈ విభజనలో నొక లోపమున్నది. అది యేదో మీరు ఇప్పుడే కనిపెట్టియుందురు. మేము నర్సంపేట చేరినదాక కనిపెట్టలేదు.

ప్రయాణమున మాకొక సౌకర్యము లభించినది. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు, బాలికలకు టికెట్టు సొమ్ము లేదు. గుర్తింపు కార్డు చూపినచో కండక్టరు సున్నా టికెట్టు ఇచ్చును. మా అత్తగారికి, మాకు, మా కూతురునకు మూడు సున్నా టికెట్లు. మావారికి, కుమారునికి మాత్రమే సొమ్ము. హైదరాబాదునుండి నర్సంపేట వరకు ఇరువురికి సుమారు ఆరువందలైనది. పండుగ రద్దీలో హనుమకొండ వరకు మేము నిలుచుండియే పోయితిమి. మా అత్తగారికి ఒక కాలేజీ పిల్ల లేచి చోటిచ్చినది. ఆమె సున్నా టికెట్టును మడిచి కొంగున ముడివేసికొని, "ఇన్నేండ్లకు పుట్టింటికి ఎవలనూ అడుగకుంట పోతున్న" అన్నది. స్త్రీకి దారిఖర్చు లేకుండుట యనగా నేమో ఆ మాటతో మాకు తెలిసినది. పూర్వము పుట్టింటికి పోవలెనన్నను చార్జీలకై ఎవరి మోమైనను చూడవలసియుండెను గదా!

నర్సంపేటలో దిగినది మొదలు మర్యాదల సంచి విప్పవలసివచ్చినది. మరదలికి చీర, మేనమామగారికి ధోవతి, పిల్లలకు బట్టలు కొట్టులో ఫోనుతోనే కొనవచ్చెను. కాని వచ్చిపోవునప్పుడు పిల్లల చేతిలో పెట్టవలసిన సొమ్ము ఫోనులో నుండిన నేమి ప్రయోజనము? పసిపిల్ల గుప్పిటలో నోటు పెట్టుదుము గాని స్కానరు పెట్టుదుమా? మేము చెప్పిన లోపమిదియే. పైగా మేనమామగారి కూతురు పురుడు పోసికొని పుట్టింటనే యున్న సంగతి మరచి, ఆ పసికందును లెక్కలో వేయలేదు. పండుగనాడు రెండు ఏటీఎంలకు పోయితిమి. రెంటను నగదు లేదు. మావారు ముట్టరాని సంచి వైపు చూచిరి. మేము తల త్రిప్పితిమి. మరునాటికి యంత్రములో నగదు వచ్చుటచే గండము గడచినది. మర్యాదలకు మొత్తము మూడువేల నాలుగువందలైనది. అంచనాకు నాలుగువందలు హెచ్చు.

పండుగ మరునాడు పాఖాల చెరువు చూడబోయితిమి. నర్సంపేటకు అది సుమారు పండ్రెండు కిలోమీటర్లు. ఆటోవానితో పోను రాను, రెండు గంటలు ఆగుటకు ఆరువందలని ముందే మాట్లాడుకొంటిమి. దిగిన తరువాత బేరమాడుట కంటె ఎక్కకముందు బేరమాడుట మేలు. దారి పొలములు దాటి అడవిలో ప్రవేశించును. మలుపు తిరుగగానే కట్టయు, దాని వెనుక కనుచూపు మేర నీరును ఒక్కసారి కనబడును. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని కాలమున, పదుమూడవ శతాబ్దమున, కొండల నడిమి పల్లమునకు కట్ట వేసి ఈ చెరువును నిర్మించిరి. విస్తీర్ణము సుమారు ముప్పది చదరపు కిలోమీటర్లందురు. చుట్టును అభయారణ్యము. కృష్ణలో కలియు మున్నేరు ఇచ్చటనే పుట్టుచున్నది. ఎనిమిది వందల యేండ్లనాటి కట్ట ఇప్పటికిని పొలములకు నీరిచ్చుచున్నది. చలిగాలికి నీటిపై సన్నని అలలు లేచుచుండగా, ఆవలి యొడ్డున అడవి నీలముగా కనబడుచుండగా, మా పిల్లలు సైతము కొంతసేపు మాటలాడలేదు.

ఈ గణపతిదేవుడే 1244-45లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, తుపానున ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు దోచుకొను పద్ధతిని మాన్పించి, న్యాయమైన సుంకము మాత్రమే పుచ్చుకొనెదనని వర్తకులకు మాట యిచ్చెను. దారిని పోవువాని సొమ్మునకు రక్షణ ఉండవలెనని ఆ రాజు ఎరుగును. చెరువు కట్టించిన చేయికిని ఆ శాసనము వేయించిన చేయికిని పొంతన కలదని మాకు తోచినది.

కట్టమీద నిలిచి మా అత్తగారు పిల్లలకు చెరువు మర్మము చెప్పినది. చెరువునకు మూడు ముఖ్యము: కట్ట, తూము, మత్తడి. కట్ట నీటిని నిలుపును. తూము కావలసినంత మేరకు కొలిచి విడుచును. మత్తడి మిగులునీటిని చెరుపు లేకుండ సాగనంపును. తూము గడపకు దిగువనున్న నీరు ఎంత యెండకాలమైనను పొలమునకు పారదు. చేపలు, పశువులు, పక్షులు దానితోనే బ్రతుకును. ఆ మాట వినుచుండగా మా ముట్టరాని సంచి మాకు జ్ఞప్తికి వచ్చినది. మన పెద్దలు పుస్తకములలో కాక చెరువులలో గృహనిర్వాహకమును నేర్చికొనిరి. చుక్క చుక్క కూడియే చెరువగును. కాని తూము మూయుట తెలియనిచో ఎంత చెరువైనను మాఘమాసమునకే ఎండును.

అచ్చట టీ త్రాగి సొమ్మిచ్చుటకు మావారు ఫోను తీసిరి. సంకేతము లేదు. కట్టమీద అటు నిటు నడచిరి, చేయి పైకెత్తిరి, ఫలము లేకపోయినది. టీ కొట్టు ముసలామె నవ్వి, "చెరువుకాడ ఫోను మూగదైతది కొడుకా" అన్నది. పిల్లల సంచిలోని చిల్లర ఆదుకొన్నది. సోదరీమణులారా, అడవికి, చెరువునకు, తీర్థమునకు పోవునప్పుడు పది, ఇరువది, ఏబది రూపాయల నోట్లు విరివిగా నుంచుకొనుడు. అయిదువందల నోటుకు చిల్లర లేని చోట అదియు మూగదే.

మూడవనాడు బెల్లము కొనుటకు బయలుదేరితిమి. జాతర మాఘమాసపు పున్నమినాళ్లలో, ఆ యేడు ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు. ఆ రద్దీకి భయపడువారు నెలముందునుండియే వచ్చి మొక్కులు చెల్లించుకొందురు. మేడారములో కొనుట కంటె నర్సంపేటలో కొనుట మేలని మేనమామగారి సలహా. తెలిసిన దుకాణము, తెలిసిన కాంటా. దుకాణదారుడు మా కుమారుని కాంటాపై కూర్చుండబెట్టినాడు. నలుబదియొక్క కిలోలు! పండ్రెండు కిలోలనాడు మ్రొక్కిన మొక్కు పదేండ్లలో మూడింతలు దాటినది. దుకాణదారుడు, "మొక్కుకు కూడ మిత్తి పెరుగుతది పెద్దమ్మా" అని పరిహాసమాడినాడు. అందరును నవ్విరి. మా అత్తగారు నవ్వలేదు. పిల్లవాని బుజముమీద చేయి వేసి, "గీ మిత్తి ఎంత పెరిగినా మంచిదే" అన్నది.

కిలో అరువది రూపాయల చొప్పున 2,460 రూపాయలు. మావారు స్కానరుకు ఫోను చూపిరి. ఖాతాలో సొమ్ము తరిగినది, దుకాణదారునికి చేరలేదు. పావుగంట వేచితిమి. వెనుక కొనువారు గుమిగూడిరి. ఆ సొమ్ము రెండు దినములకు తిరిగి మా ఖాతాకు వచ్చినది గాని, ఆ క్షణమున మావారి ముఖము చూడవలసియుండెను. ఇంటినుండి నగదు తెచ్చెదనని మేనమామగారు లేచినాడు. మా అత్తగారు చేయి యడ్డము పెట్టి, కొంగుముడి విప్పి, అయిదు అయిదువందల నోట్లు లెక్కించి దుకాణదారుని చేతిలో పెట్టినది.

అవి కొడుకు ఇచ్చినవి కావు. బయలుదేరుటకు వారము ముందు ఆమె పొరుగింటామెను తోడు తీసికొని తపాలాఫీసునకు పోయి, తన ఖాతానుండి తీసికొన్న సొమ్ము. మాకు మాటమాత్రము చెప్పలేదు. ఆ రాత్రి మేమే అడిగితిమి: "అత్తమ్మా, మొక్కుకని మేము మూడువేలు వేరే ఉంచితిమి గదా, మీరెందుకు తీసితిరి?"

ఆమె కొంతసేపు ఊరకుండి ఇట్లనినది: "మీరు మంచిగనే రాసిండ్రు బిడ్డా. కాని మొక్కింది నేను. నా మొక్కు మీ లెక్కల ఎట్ల ఎక్కుతది?"

ఆ మాట మాకు సూటిగా తగిలినది. మేము సంచులన్నియు సరిగా కుట్టితిమి, అంకెలన్నియు సరిగా కూడితిమి. ఎవరి సంచి ఎవరిదని మాత్రము అడుగలేదు. ఇంటిలోని పెద్దలను ఖర్చుపద్దుగా చూచు అలవాటు మనకు తెలియకుండనే పట్టుబడును. వారికి మందులు, వారికి చీరలు, వారికి తీర్థములు అని మనము వ్రాసికొందుము. వారికిని ఒక జమ ఉండునని, దానిని తమ ఇష్టానుసారము వ్యయము చేసికొను కోరిక ఉండునని తలపము. ఆ ముడుపు పోయిననాడు ఆమెకు పోయినది రెండువేలు మాత్రమే కాదు, తన చేతితో ఇచ్చుకొను స్వాతంత్ర్యము. దానినే ఆమె ఏడేండ్లు పొదుపుచేసి తిరిగి సంపాదించుకొన్నది.

బుధవారమున మేనమామగారి కుటుంబముతో కలసి బండి మాట్లాడుకొని మేడారము పోయితిమి. మా వంతు వేయి రూపాయలు. ములుగు దాటిన పిమ్మట అడవి చిక్కనగును. జంపన్నవాగులో కాళ్లు కడిగికొని గద్దెల కడకు చేరితిమి. అచ్చట విగ్రహములు లేవు, గోపురము లేదు. గద్దెలు, వెదురు, పసుపు కుంకుమలు, ఎటు చూచినను బెల్లపు గుట్టలు. కరవు కాలమున కప్పము కట్టలేని కోయప్రజల పక్షమున ప్రతాపరుద్రుని సేనతో సమ్మక్క, ఆమె కుమార్తె సారలమ్మ పోరాడిరనియు, కుమారుడు జంపన్న ఈ వాగులో పడి ప్రాణము విడిచెననియు ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు. చెరువులు త్రవ్వించిన వంశమువారే కప్పమునకై సేనను పంపిరన్న మాట వినినప్పుడు పాఖాల కట్ట మాకు మరల గుర్తునకు వచ్చినది. ఇచ్చు చేయియు, పుచ్చుకొను చేయియు లోకమున ఒక్కటియే గావచ్చును. పేదవాని గిన్నె చూడక పుచ్చుకొన్న పన్నును మాత్రము ప్రజలు ఏడువందల యేండ్లైనను మరువరు.

సారె, కొబ్బరికాయలు, పసుపు కుంకుమలకు మాత్రము మా సంచినుండి నాలుగువందలు పెట్టుటకు మా అత్తగారు ఒప్పుకొన్నది. పసుపుగుడ్డలోని పాతనోట్లను ఆమె వెంట తెచ్చినది. వానిని తల్లికి సమర్పించునేమో యని చూచితిమి. ఆమె ఇవ్వలేదు. "చెల్లని పైసలు తల్లికిచ్చుడు మర్యాద కాదు" అని మరల ముడి వేసికొన్నది.

నర్సంపేటకు తిరిగివచ్చిన రాత్రి మేనమామగారు పాత భోషాణము తెరచి తల్లి దాచిన ఒక హాలీ రూపాయను పిల్లలకు చూపినాడు. చార్మినారు బొమ్మ అరిగిపోయి, అంచులు నల్లబడియున్నవి. మా అత్తగారు ఆ నాలుగు నోట్లను దాని ప్రక్కన పెట్టినది. "గివి అన్ని కొనవస్తుండెనా నానమ్మా?" అని మా కుమారుడు. "ఒకనాడు కొనవస్తుండె" అని ఆమె.

మా కూతురు అంతవరకు ఊరకుండి, "నానమ్మా, నన్నెందుకు కాంటామీద కూచోబెట్టలేదు?" అని అడిగినది. ఎవరును వెంటనే మాటలాడలేకపోయిరి. అన్నకు జ్వరము వచ్చినందున మొక్కినారు గాని వేరే కారణము లేదని మేము చెప్పబోతిమి. మా అత్తగారు మమ్ము వారించి, దుకాణదారుడు తిరిగి ఇచ్చిన నలుబది రూపాయలను పిల్ల చేతిలో పెట్టి, "నీ లెక్క నేను మరిచిన. నా తప్పే బిడ్డా" అన్నది.

ఇల్లు చేరి లెక్క వేసికొంటిమి. ప్రయాణమునకు రాకపోకల టికెట్లు, ఆటో, బండి కలసి 2,800, మొక్కు సారెకు 400, మర్యాదలకు 3,400, పిల్లలకు, చిల్లరకు 1,000, వెరసి 7,600 రూపాయలు. మిగిలినది 4,400. అందులో ముట్టరాని రెండువేలు ముట్టకనే వచ్చినవి. దారిలో తినుటకు మరదలు కట్టియిచ్చిన సకినాలు, అరిసెలు భోజనపు ఖర్చు తప్పించినవి. వానికి వెల కట్టుట మాకు చేతకాదు. మా అత్తగారికి పుట్టింటి చీర వచ్చినది; దానికిని అంతియే.

మొక్కు సంచిలో మిగిలిన 2,600 మా అత్తగారికి ఇవ్వబోతిమి. ఆమె పుచ్చుకొనలేదు. అప్పుడు మా కూతురునకు తొమ్మిదేండ్లు. ఆడపిల్లకు పదేండ్లు నిండకముందే తపాలాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరువవలెను. ఏడాదికి కనీసము రెండువందల ఏబది రూపాయలు కట్టిన చాలును. 2015లో ఆరంభమైన ఈ ఖాతాను తెరువవలెనని ఎన్నడో అనుకొని వాయిదా వేసికొనుచు వచ్చితిమి. మరికొంత కాలము గడచినచో ఆ గడువును దాటెడిది. ఒక గడువు దాటుటచే కలిగిన దుఃఖము మా యింట అదివరకే యున్నది; రెండవది కూడదని, సెలవులు ముగిసిన వారమే ఆ 2,600తో పిల్ల పేర ఖాతా తెరిచితిమి. కాగితములమీద సంతకము చేయుటకు మేము పోయితిమి. తోడుగా మా అత్తగారు వచ్చి, అచ్చటి గుమాస్తాతో తన పాత పరిచయము చూపుకొన్నది.

సోదరీమణులారా, యాత్రకు బయలుదేరునప్పుడు మీరును సంచులు కట్టుకొనుడు. చేతిలో పెట్టు సొమ్ము నగదుగానే ఉండవలెను. చిల్లర పుష్కలముగా నుండవలెను. ఫోనును నమ్ముడు గాని దానినొక్కదానినే నమ్మకుడు. తూము గడపకు దిగువనున్న నీటివలె కొంత సొమ్మును ముట్టక ఇల్లు చేర్చుడు. ఇంటి మూలల ముడుపులు ఏవేని యుండిన అవి ఎవరివో, ఎందులకో, ఏ నోట్లో ఏడాదికొకసారి ప్రేమతో విచారించుడు. లెక్క వ్రాయకముందు ఇంటిలోని ప్రతి స్త్రీని, ముసలామెను మొదలుకొని చిన్నపిల్ల వరకు, "ఇందులో నీదేమి?" అని ఒక్కమాట అడుగుడు. మేము అడుగక పోతిమి. పాఖాల కట్టను, మేడారపు గద్దెను చూచి వచ్చిన మాకు నర్సంపేట బెల్లపు దుకాణములోని కాంటాయే ఎక్కువగా జ్ఞాపకమున్నది.